మోకు పట్టిన చేతులు

పరంజ్యోతి అయ్యగారు కష్టంలో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించేటప్పుడు కళ్లు మూసేవారు కాదు. ఆదివారం గుడిలో అందరితో పాటు మూసేవారు. రోగి మంచం దగ్గర, చావు ఇంట్లో, కాలిపోయిన గుడిసె ముందు మాత్రం కళ్లు బాగా తెరుచుకొని, మనిషి చెయ్యో మంచంకోడో గట్టిగా పట్టుకొని ప్రార్థించేవారు. ఆయన దగ్గర వాక్యం నేర్చుకోవడానికి చేరిన మా నలుగురికీ ఇది నామోషీగా ఉండేది. ఆ రోజుల్లో మాకు ప్రార్థన అంటే గొంతు. ఎవడి కేక రెండు వీధుల అవతలికి వినబడితే వాడే భక్తుడని మా నమ్మకం.

ఒకనాడు పక్షవాతం వచ్చిన ముసలాయన ఇంటికి వెళ్లాం. ప్రార్థన మంచి పట్టులో ఉండగా ఆ ముసలాయన తల పక్కకు ఒరిగింది. అయ్యగారు ప్రార్థన ఆపి, దిండు సర్ది, మూతి తుడిచి, మళ్లీ వదిలిన చోట అందుకున్నారు. తిరిగి వచ్చే దారిలో మాలో ఆనందపాల్ ఉండబట్టలేక అడిగేశాడు.

"అయ్యగారూ, ప్రార్థనలో దేవుణ్ణి చూడాలి కదా. మీరు మనుషుల్ని చూస్తారేం?"

అయ్యగారు రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చొని, చెప్పులు విప్పి, తన మొదటి సంఘంలో జరిగిన ఒక బావి సంగతి చెప్పారు.

అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. మార్కాపురం అవతల మెట్ట పొలాల మధ్య చిన్న పల్లె. వెళ్లి మూడు నెలలే అయింది. ఆ మూడు నెలల్లో ఆయన సంఘానికి బాగా నేర్పింది ఒక్కటే: ప్రార్థన అనగానే కళ్లు మూయాలి, రెండు చేతులూ ఎత్తాలి. దిక్కులు చూసేవాళ్లను పేరు పెట్టి పిలిచి మరీ మందలించేవారు. ఒక ఆదివారం ఎలీసమ్మ అనే ముసలావిడ వంతు వచ్చింది. తల్లులు కళ్లు మూసుకుంటే పాకే పిల్లలు వాకిట్లో పొయ్యి దగ్గరికి పోతారని ఆవిడ ఎప్పుడూ కళ్లు తెరుచుకొనే ఉండేది. ఒళ్లో ఇద్దరు, కొంగు పట్టుకొని ఒకరు. అయ్యగారు అందరి ముందూ ఆవిడకు భక్తి లేదన్నారు. ఆవిడ తల వంచుకుంది గానీ కళ్లు మూయలేదు.

మరునాడే పల్లెకంతటికీ ఉన్న ఒక్క మంచినీళ్ల బావిలో పూడిక తీయడానికి బర్నబా అనేవాడు దిగాడు. ఏడు నిలువుల లోతు. ఎండాకాలం కదా, నీళ్లు అడుగంటి ఉన్నాయి. వాడు నాలుగు తట్టల బురద పైకి పంపాడో లేదో, ఒక పక్క గోడ రాళ్లు జారి మీద పడ్డాయి. నడుము దాకా బురదలో, రాళ్లలో కూరుకుపోయాడు. దానికి తోడు రాళ్లు జారిన చోట ఊట తెగి, నీరు పైకి రావడం మొదలైంది. పైనుంచి మోకు వదిలారు. వాడు దాన్ని చంకల కింద బిగించి కట్టుకొని, ఒక్కొక్క రాయే చేతులతో తప్పించుకుంటుంటే, ఆరుగురు మగవాళ్లు జానెడు జానెడుగా లాగసాగారు. మోకు చివరను గిలక ఉన్న రాతి స్తంభానికి ఒక చుట్టు వేసుకొని ఎలీసమ్మ నేల మీద చతికిలబడి కూర్చుంది. ఆ పని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

అయ్యగారు పరుగున వచ్చేసరికి బర్నబా మోకాళ్ల దాకా బయటపడ్డాడు. గట్టు మీద వాడి భార్య సుగుణ, ఆరో నెల కడుపుతో, నిమిషానికోసారి లోపలికి వంగి "ఉండావా?" అని అడుగుతోంది. "ఉండా" అని లోపలి నుంచి వస్తోంది. లాగేవాళ్లు ఊపిరి తీసుకోవడానికి మోకు బిగబట్టుకొని ఆగారు. వాళ్లలో ఒకడు, ఒక్క మాట ప్రార్థన చెయ్యమని అయ్యగారిని అడిగాడు.

ఇంకేం, అయ్యగారికి తన వంతు వచ్చినట్టయింది. గొంతు సవరించుకున్నారు. ప్రతి ఆదివారం అనేదే, నోటికి అలవాటైన మాట, ఆలోచించకుండా అనేశారు.

"అందరం కళ్లు మూసుకొని, చేతులెత్తి ప్రార్థిద్దాం."

ఆరుగురూ చేతులెత్తారు.

వాళ్లు తెలివితక్కువవాళ్లు కారనీ, మూడు నెలల పాటు తాను నేర్పిన దాన్ని నేర్పినట్టే చేశారనీ అయ్యగారు మాతో అన్నారు. ఆయన కళ్లూ మూసుకొనే ఉన్నాయి కాబట్టి ఏదీ చూడలేదు. గిలక గిర్రున తిరిగిన చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత లోపలి నుంచి ఒక కేక. కళ్లు తెరిచేసరికి మోకు పాములా బావిలోకి పోతోంది. బారెడు పోయి ఆగింది. ఎలీసమ్మ రెండో చుట్టు వేసి, స్తంభానికి రెండు కాళ్లూ తన్నిపెట్టి, వెనక్కి వాలి ఉంది. ఆవిడ అరచేతుల తోలు మోకుకు అంటుకుపోయింది.

సుగుణ లోపలికి వంగి "ఉండావా?" అంది. జవాబు లేదు. ఇంకోసారి అడిగింది. లేదు. ఆరుగురూ మోకు మీద పడ్డారు గానీ ఎవరి చేతుల్లోనూ సత్తువ లేదు. అయ్యగారి ప్రార్థన ఆగిపోయింది. తానే ఆ మనిషిని చంపానని, ఆ కడుపులో ఉన్న బిడ్డకు ఏం చెప్పాలని అనుకుంటూ రాయిలా నిలబడిపోయారు. అప్పుడు ఎలీసమ్మ తల తిప్పకుండానే అంది.

"అయ్యా, ప్రార్థన ఆపబాక. కళ్లు తెరిసి చెయ్యి. చేతులు పైకి గాదు, ఈ మోకు మీద ఏసి చెయ్యి."

ఆయన వెళ్లి ఆవిడ ముందు మోకు పట్టుకున్నారు. నేర్చుకున్న ప్రార్థనలన్నీ ఎటు పోయాయో, "యేసయ్యా" అన్న ఒక్క మాట మిగిలింది. ఆ మాట అన్నప్పుడల్లా ఆ ఆరుగురూ, ఆయనా కలిసి ఒక లాగు లాగారు. పది లాగుల తర్వాత లోపలి నుంచి దగ్గు వినబడింది. సుగుణ మళ్లీ అడిగింది. "ఉండా" అన్నాడు బర్నబా. గడ్డం దాకా నీళ్లొచ్చాయని, రొమ్ము దాకా మళ్లీ బురదలో దిగిపోయాడని తర్వాత తెలిసింది. వాణ్ణి గట్టు మీద పడుకోబెట్టేసరికి సూర్యుడు నడినెత్తి దాటాడు. యేసయ్యా అని ఎన్నిసార్లన్నారో ఎవరికీ గుర్తు లేదు. మొత్తం మీద అంత పొడుగు ప్రార్థన ఆ పల్లెలో అంతకు ముందు జరగలేదు.

ఆ సాయంత్రం అయ్యగారు ఎలీసమ్మ గుడిసెకు వెళ్లి, ఆదివారం అన్న మాటకు క్షమించమని అడిగారు. ఆవిడ చేతులకు వెన్న రాసుకుంటోంది. కాస్త జరిగి, మిగిలిన వెన్న ఆయన ముందుకు నెట్టి, నీ చేతులు కూడా చూసుకోమంది. ఆదివారం సంగతి ఎత్తలేదు.

అయ్యగారు చెప్పడం ఆపి చెప్పులు తొడుక్కున్నారు. కుడి అరచేతిలో అడ్డంగా నున్నటి గీత ఒకటి మేమెప్పుడూ చూస్తూనే ఉన్నాం. ఆయన చిన్నప్పుడెప్పుడో కొడవలి కోసుకుందేమో అనుకునేవాళ్లం. కొంత దూరం నడిచాక ఆనందపాల్, బుర్ర మంచిదే గానీ ఏదైనా సూత్రంగా చెబితే తప్ప నిద్ర పట్టని మనిషి, అయితే ప్రార్థనలో కళ్లు మూయడం తప్పేనా అని నెమ్మదిగా అడిగాడు.

అయ్యగారు వాడి భుజం మీద చెయ్యి వేసి అన్నారు.

"మూసుకో నాయనా. నీ చేతిలో ఎవరున్నారో ఒకసారి చూసుకొని మూసుకో."