వాళ్ళు తీసుకోకపోతే?

మేదినికి ఆ ఏడాది చదరంగం పిచ్చి పట్టింది.

మచిలీపట్నంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ బస్సులో, క్యాంటీన్‌లో, చివరికి అన్నం తింటూ కూడా ఫోన్‌లో పజిల్స్ చేసేది. ఎవరో ఆడిన ఆటలోంచి ఒక ఘట్టం తెర మీదికి వస్తుంది. అందులో ఎక్కడో ఒక దెబ్బ దాగి ఉంటుంది. గుర్రాన్ని బలి ఇస్తే మంత్రి దొరకడమో, ఏనుగును వదిలేస్తే అవతలి రాజు ఇరుక్కుపోవడమో. దాన్ని కనిపెట్టాలి. మేదిని చిటికెలో కనిపెట్టేది. అప్పుడు తెర మీద ఆకుపచ్చ గుర్తు పడేది. అది పడ్డ ప్రతిసారీ ఆమెకి కూర్చున్న చోట కాలు నిలిచేది కాదు.

ఊళ్ళో చెస్ క్లబ్బులో పజిల్ రేటింగ్ అందరికంటే ఆమెదే ఎక్కువ. అయితే ఆన్‌లైన్‌లో మనుషులతో ఆడితే మాత్రం ఓడిపోయేది. నెలలు గడుస్తున్నా ఆ రేటింగ్ ఉన్నచోటు నుంచి కదలడం లేదు.

క్లబ్బును నడిపేది హకీం సాహెబ్. ఉర్దూ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బేకరీ పైన ఉన్న పొడుగాటి గదిలో రోజూ సాయంత్రం చదరంగం నేర్పుతారు. తక్కువ మాట్లాడతారు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు.

ఒక సాయంత్రం మేదిని మెట్లెక్కి వస్తూనే ఆయన్ని అడిగింది.

"ఉస్తాద్, పజిల్‌లో కనబడేది ఆటలో ఎందుకు కనబడదు?"

ఆయన చెక్క బోర్డు మీద ఒక్కొక్క పావునే పేర్చారు. తెల్లవాళ్ళ ఎత్తు, చూడు అన్నారు.

మేదిని చూసింది. కింద బేకరీలో బన్నులు పొయ్యిలోంచి తీసిన వాసన వస్తోంది. మిగతా బోర్డుల దగ్గర వాళ్ళు ఆటలు ముగించి ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఆమె తల ఎత్తలేదు. చాలాసేపటికి మొహం వెలిగింది. ఏనుగును తీసుకెళ్ళి నల్లవాళ్ళ బంట్ల మధ్య టక్కున పెట్టింది.

ఉస్తాద్ ఆ ఏనుగును బంటుతో కొట్టేశారు.

మేదిని మంత్రితో చెక్ చెప్పింది. ఆయన రాజును ఒక గడి పక్కకి జరిపారు. మళ్ళీ చెక్ చెప్పింది. మళ్ళీ జరిపారు. ఆ తర్వాత చెక్ చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఏనుగు పోయింది.

"ఇది కాదా? అయితే అసలు దెబ్బ ఏది?"

"ఏదీ లేదు."

"మరి చూడమన్నారుగా?"

"చూడమన్నాను. ఉందని ఎవరన్నారు?"

మేదినికి ఉక్రోషం వచ్చింది. తనని ఆట పట్టించారనుకుంది. ఇంటికెళ్ళి ఆ పూట ఇంకా ఎక్కువ పజిల్స్ చేసింది.

ఆ రోజుల్లోనే చుట్టుపక్కల ఊళ్ళ క్లబ్బులకి ఆన్‌లైన్‌లో ఒక లీగ్ మొదలైంది. ఒక్కో క్లబ్బు నుంచి ముగ్గురు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని, తమలో తాము మాట్లాడుకుంటూ, ముగ్గురూ కలిసి ఒకే ఆట ఆడాలి. పైకి వచ్చిన జట్లు విజయవాడ వెళ్ళి ఫైనల్స్ ఎదురెదురుగా కూర్చుని ఆడతాయి. ఉస్తాద్ క్లబ్బు పెట్టి ఎన్నో ఏళ్ళయింది గానీ, ఆ గదిలోంచి ఒక జట్టు ఊరు దాటి వెళ్ళింది ఎన్నడూ లేదు. ఈసారి వెళ్ళొచ్చని అందరికీ లోపల ఆశ పుట్టింది.

ఉస్తాద్ ముగ్గుర్ని ఎంచారు. ఒకరు మేదిని. రెండోవాడు జాన్సన్, మందుల షాపు నడుపుతాడు, నిదానస్తుడు. మూడో ఆవిడ విశాలాక్షి. గర్ల్స్ హైస్కూల్లో హిందీ టీచరు. తోటి టీచర్లతో పందెం వేసి ఈ మధ్యనే ఆట నేర్చుకుంది. ఆవిడ పేరు వినగానే మేదిని మొహం చిన్నబోయింది.

తొలి ఆటలు ఎలాగో గట్టెక్కాయి. తర్వాత ఏలూరు జట్టుతో ఆడే రోజున సగం ఆటలో మేదినికి ఒక బలి కనబడింది. కుర్చీలో ముందుకి ఉరికి, గుర్రాన్ని ఇచ్చేద్దాం, వాళ్ళు తీసుకుంటే మూడెత్తుల్లో కట్టేస్తాం అని గబగబా చూపించింది.

విశాలాక్షి కళ్ళజోడు సర్దుకుంటూ అడిగింది. "వాళ్ళు తీసుకోకపోతే?"

"తీసుకోక ఏం చేస్తారు ఆంటీ? తీసుకుని తీరాలి."

జాన్సన్ ఏదో అనబోయాడు. అప్పటికే మేదిని మౌస్ నొక్కేసింది.

ఏలూరు వాళ్ళు గుర్రాన్ని ముట్టుకోలేదు. తాపీగా వేరే ఎత్తు వేశారు. ఆ తర్వాత కోలుకోవడం కుదరలేదు.

ఆ ఓటమితో లెక్క బిగిసిపోయింది. విజయవాడ వెళ్ళాలంటే వచ్చే ఆదివారం గుడివాడ జట్టు మీద గెలిచి తీరాలి. ఆ లీగ్‌లో అప్పటిదాకా ఒక్క ఆట కూడా ఓడని జట్టు అది.

అందరూ వెళ్ళాక మేదిని ఉస్తాద్ దగ్గరికి వచ్చింది. వాళ్ళిద్దరికీ చెప్పి ఒప్పించేసరికే టైమంతా అయిపోతోందని, తన బుర్ర పని చేయడం లేదని చెప్పుకుంది. తనని ఒక్కదాన్నే ఆడనివ్వమంది, లేదంటే జట్టులోంచి తప్పించమంది. ఆ మాట అయితే అంది గానీ, తప్పిస్తారేమోనని లోపల భయంగానే ఉంది.

ఉస్తాద్ అంతా విన్నారు. ఆదివారం పెందరాళే రమ్మన్నారు.

ఆదివారం మధ్యాహ్నానికి గది నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు కిటికీ గూళ్ళలో కూర్చున్నారు. బేకరీ ఓనరు కూడా షాపు తమ్ముడికి అప్పగించి పైకొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. గోడ మీది టీవీకి కంప్యూటర్ కలిపారు. ఆట మొదలవబోతుండగా ఉస్తాద్ మేదినిని పిలిచి, మౌస్ నీ దగ్గరే ఉంచుకో అన్నారు. తర్వాత జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. అందులో నిమ్మకాయంత పటికబెల్లం గడ్డ ఉంది.

"నోట్లో పెట్టుకో బేటీ. కొరకొద్దు. కరిగేదాకా మాట్లాడొద్దు."

గదిలో కొందరు నవ్వారు. మేదినికి చెవులు ఎర్రబడ్డాయి. అయినా పెట్టుకుంది. బుగ్గ బూరెలా పొంగింది.

ఆట మొదలైంది. మనవాళ్ళవి తెల్ల పావులు. జాన్సన్, విశాలాక్షి నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ ఒక మాట అనుకున్నాక మేదిని ఆ ఎత్తు వేస్తోంది. మొదట్లో ఆమెకి నరకంగా ఉంది. వాళ్ళ మాటల్లో సగం ఆమెకి ఎప్పుడో తెలిసినవే. ఒకసారి ఊఁ ఊఁ అంటూ చెయ్యి ఊపింది. ఉస్తాద్ వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. ఆమె చెయ్యి దించుకుంది.

చాలా పావులు ఒకదాన్నొకటి కొట్టుకుని పోయాయి. రెండు వైపులా మంత్రి, ఒక ఏనుగు, కొన్ని బంట్లు మిగిలాయి. అంతలో మేదిని తెర దగ్గరికి జరిగింది.

దెబ్బ కనబడింది.

తమ మంత్రి కుడి చివర ఉంది. దాన్ని అడ్డంగా ఎడమ చివరికంటా జరిపితే అక్కడ గుడివాడ వాళ్ళ మంత్రికీ, ఏనుగుకీ ఒకేసారి గురిపెడుతుంది. అక్కడ తమ మంత్రికి కాపలా లేదు, వాళ్ళ మంత్రి దాన్ని ఊరికే కొట్టేయొచ్చు. కొడితే మాత్రం ఆఖరి వరుసకి కాపలా పోతుంది. తమ ఏనుగు నిలువునా పైకి పోయి రాజును అక్కడే కట్టేస్తుంది. రాజు ముందు సొంత బంట్లే గోడ కట్టి ఉన్నాయి, పారిపోవడానికి దారి లేదు. ఇంత అందమైనది ఏ పజిల్‌లోనూ రాలేదు. ఆమె వేలు మౌస్ మీదికి వెళ్ళింది. నోట్లో గడ్డ ఇంకా కరగలేదు.

జాన్సన్ ఏనుగులు మార్చుకుందామా అన్నాడు.

"వాళ్ళు తీసుకోకపోతే?" అంది విశాలాక్షి.

ఆవిడ అడిగింది జాన్సన్‌ని. మేదిని మాత్రం బోర్డు వైపు తిరిగి మళ్ళీ చూసింది. నిజమే, వాళ్ళు మంత్రిని తీసుకోకపోతే?

మొదటిసారి ఆమె గుడివాడ వాళ్ళ కుర్చీలో కూర్చున్నట్టు చూసింది. తీసుకోనక్కర్లేదు. వాళ్ళ ఏనుగు నేరుగా తమ మొదటి వరుసలోకి దిగితే చాలు. తమ ఏనుగు రాజుకి అడ్డుగా అక్కడే ఇరుక్కుపోతుంది. తాము వాళ్ళ మంత్రిని కొట్టినా, వాళ్ళ ఏనుగు ఇక్కడి ఏనుగును కొట్టి చెక్ చెబుతుంది. రాజు జరగడానికి చోటు లేదు. తమ రాజు ముందు కూడా సొంత బంట్లే గోడ కట్టి ఉన్నాయి. అంత బారున గోడ. దాన్ని ఇంతసేపూ ఆమె చూడనే లేదు.

నోరు ఖాళీగా ఉంటే ఈ పాటికి నొక్కేసి ఉండేది.

నోరు ఖాళీ అయ్యే ఉందని అప్పుడు తెలిసింది. పటికబెల్లం కరిగిపోయింది. ఇక మాట్లాడొచ్చు. కానీ విశాలాక్షి ఏదో అనబోతోంది. మేదినికి అది వినాలనిపించింది.

"నాకెందుకో మన రాజుకి ఊపిరాడట్లేదనిపిస్తోంది," అంది విశాలాక్షి. "ఈ చివరి బంటును ఒక్క గడి ముందుకి తోస్తే కిటికీ తెరిచినట్టు ఉండదూ?"

జాన్సన్ కాసేపు చూసి, నష్టమైతే లేదన్నాడు.

మేదిని బంటును జరిపింది. గుడివాడ వాళ్ళు కూడా కిటికీ తెరిస్తే ఆ దెబ్బ ఇక పని చేయదు. టీవీలో వాళ్ళ గడియారం తిరుగుతోంది. వాళ్ళు కిటికీ తెరవలేదు. అవతలి మూల ఇంకో బంటును జరిపారు.

తమకి నిమిషం కూడా లేదు.

మేదిని మిగతా ఇద్దరి వైపు తిరిగింది. ఆ రోజు ఆటలో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"మంత్రిని ఆ ఎడమ చివర పెడితే వాళ్ళేం చేస్తారు?"

జాన్సన్ బోర్డు మీదికి వంగాడు. "కొడితే చచ్చారు." గొంతు మారిపోయింది అతనికి. "కొట్టకుండా ఏనుగును కిందికి దించుతారు."

"దించనీ, వాళ్ళ మంత్రిని కొట్టేద్దాం. చెక్ చెబితే రాజు కిటికీలోంచి బయటికొస్తాడుగా," అంది విశాలాక్షి.

మేదిని మంత్రిని ఈ చివరి నుంచి ఆ చివరికి జరిపింది.

గదిలో అందరూ ఒక్కసారి ముందుకి వంగారు. కిటికీ గూట్లో కూర్చున్న వాళ్ళు లేచి నిలబడ్డారు. గుడివాడ వాళ్ళు చాలాసేపు కదల్లేదు. తర్వాత వాళ్ళ ఏనుగు సర్రున దిగి మొదటి వరుసలో నిలిచింది.

మేదిని వాళ్ళ మంత్రిని కొట్టింది. వాళ్ళు ఏనుగును కొట్టి చెక్ చెప్పారు. మేదిని రాజును ఒక్క గడి పైకి జరిపింది, ఇందాక బంటు ఖాళీ చేసిన చోటికి.

ఇక వాళ్ళకి చెక్ లేదు. గడియారం ఇంకొంచెం తిరిగింది. తెర మీద గుడివాడ జట్టు తప్పుకున్నట్టు కనబడింది.

గది అదిరిపోయింది. జాన్సన్ కుర్చీ వెనక్కి పడిపోయింది. బేకరీ ఓనరు మెట్ల మీంచి కిందికి కేకేసి ట్రే నిండా బన్నులు తెప్పించాడు. విశాలాక్షి మేదినిని గట్టిగా వాటేసుకుని, మనం నిజంగా విజయవాడ వెళ్తున్నామా అని పదే పదే అడుగుతోంది. వెళ్తున్నాం ఆంటీ, వెళ్తున్నాం అంటూ మేదిని నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది.

హడావుడి కాస్త తగ్గాక ఆమె ఉస్తాద్ దగ్గరికి పరుగున వెళ్ళింది. ఆయన మూల కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. మేదిని నేల మీద ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడి, ఆగకుండా మాట్లాడింది. ఆ దెబ్బ తనకి చాలా ముందే కనబడిందని, అప్పుడు వేసి ఉంటే ఓడిపోయేవాళ్ళమని, ఒక్క బంటు తేడా అని చెప్పింది. చివరికి మనసులో మెదులుతున్నది అడిగేసింది.

"మీకు ముందే తెలుసు కదా ఉస్తాద్, అప్పుడు వేస్తే తప్పని? టీవీలో చూస్తూనే ఉన్నారుగా?"

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టారు.

"నేను ఆట చూడలేదు బేటీ," అన్నారు. "నిన్నే చూస్తూ కూర్చున్నాను."