ఇంటింటికీ వయ్యారిభామ

తెలివి పంచిననాడు మా తాతలు అందరికంటే పెద్ద గంప పట్టుకెళ్ళారని మా పెదనాన్న రామినాయుడు చెప్పుకునేవాడు. గంపకు అడుగుందో లేదో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు మండలం మొత్తానికి మాదొక్కటేనని మాకు మహా గర్వం.

ఆ ఏడు మా ఎకరం వేరుశనగ విత్తనానికి ఎంపికైంది. ఊళ్ళో ఇంకెవరికీ దక్కని మర్యాద అది. చేను చూడటానికి వచ్చిన వ్యవసాయాధికారి హైమవతమ్మ గట్టు మీద తెల్లపూల మొక్కలు చూసి ఆగిపోయింది.

"ఇది వయ్యారిభామ. ఎక్కణ్ణుంచో వచ్చిపడ్డ కలుపు. ముట్టుకుంటే దురద, పీలిస్తే ఆయాసం. చేలో గానీ చుట్టుపక్కల గానీ ఇది ఉంటే మీ కాయ విత్తనానికి పనికిరాదు. సోమవారం వస్తాను. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకోండి. చేత్తో ముట్టుకోకుండా మొదలంటా పీకండి. గింజ నేల మీద పడనివ్వకండి," అంది.

ఇంట్లో నాలుగు అక్షరాలొచ్చినవాణ్ణి నేనే. అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఇంకేముంది, పొద్దున్నే పెదనాన్న, అన్నావదినలు, నేను నలుగురం గుడ్డలు కట్టుకుని చేలోకి దిగాం. మధ్యాహ్నం మా వదిన సత్తెమ్మ ఇంటికెళ్ళి అంబలి ముంత తెచ్చింది. అందరం ముంత చుట్టూ కూర్చుని దాన్నే చూశాం.

"గుడ్డ విప్పితే గదా తాగేది," అన్నాడు అన్న దాలినాయుడు.

"విప్పమని రాసుందా, మరిదీ?" అని వదిన నన్నడిగింది.

కాగితం తిరగేసి కూడా చూశాను. లేదు. అంతే, ముంత వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

చేత్తో ముట్టుకోకూడదు కదా, కాలివేళ్ళతో పట్టి లాగాం. మొక్కకోసారి వెల్లకిలా పడ్డాం. చేతులకు దురద రాలేదు, కాళ్ళకొచ్చింది. గోక్కోవచ్చా అని పెదనాన్న అడిగాడు. అదీ కాగితంలో లేదు.

గింజ సంగతి మరీ కష్టమైంది. వదిన తన పెళ్ళిచీర మొక్కల కింద పరిచింది. రాలిన గింజలు మూటకట్టి ఇంటికి తెస్తే, నేలకు తగలని చోటు ఉట్టి ఒక్కటే కనిపించింది. పెరుగు కుండ కిందికి దించి మూటని ఉట్టెక్కించాం. పెరుగు పిల్లి తాగిపోయింది. పెరుగు గురించి హైమవతమ్మ ఏమీ అనలేదు కాబట్టి మాట తప్పలేదని సంతోషించాం.

సోమవారం హైమవతమ్మ వచ్చేసరికి చేలో ఒక్క మొక్క లేదు. ఉట్టి మీది మూటని మాత్రం తానే పొయ్యిలో వేయించింది.

"కష్టపడ్డారు. పీకిన కుప్ప కాల్చేయండి. కాల్చేముందు ఊళ్ళో ప్రతి ఇంటికీ ఈ మొక్క చూపించండి. పోల్చుకుంటే, ఎవరి పెరట్లో మొలిచినా వాళ్ళే నాకు కబురు పెడతారు. పదిహేను రోజుల్లో వచ్చి చుట్టుపక్కల కూడా చూసి విత్తనానికి రాసేస్తాను," అంది.

ఇంకేముంది, కుప్పని తట్టలకెత్తి బయల్దేరాం. వరినాట్ల రోజులు. ఏ ఇంటికి వెళ్ళినా తలుపుకు గొళ్ళెమే.

"ఎవరికని చూపిస్తాం?" అన్నాడు అన్న.

"వాళ్ళొచ్చేదాకా మొక్క అక్కడ ఉంటే సరి," అంది వదిన.

అంతే, గుమ్మానికొకటి చొప్పున గుంట తీసి పాతాం. వాడిపోతే పోల్చుకోలేరని చెంబుడేసి నీళ్ళు పోశాం. మిగిలినవి, ఇంటిపట్టున ఉండని వాళ్ళ కోసం చేలగట్ల మీద నాటాం. కాల్చడానికి ఒక్క రెమ్మ మిగల్లేదు. మర్నాటి నుంచి వానలు కూడా బాగా సాయం చేశాయి.

పదిహేనో రోజున హైమవతమ్మ వచ్చింది. వీధి పొడుగునా గుమ్మం గుమ్మానికీ తెల్లపూలు. తుమ్ముకుంటూ వచ్చి మా అరుగు మీద కూలబడింది.

"రామినాయుడు గారూ, మీ కాయ విత్తనానికని ఎలా రాయమంటారు? ఊళ్ళో ఈ మొక్క లేని ఇల్లు ఒక్కటైనా ఉందా?"

పెదనాన్న సిగ్గుతో తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. చివరికి పెదనాన్నే చెప్పాడు.

"ఒకటుందమ్మా, మాదే. అందరికీ పంచేసరికి మాకు మిగల్లేదు. ఆ ఒక్క లోపానికి కాయ తోసెయ్యకండి. రేపు పొద్దుటికి పక్కూరి నుంచైనా తెచ్చి నాటేస్తాం."