ఒక ముద్ద చాలు

ఉదయం ఆరుంబావుకు ఈదయ్యగారు అరుగు మీద కూర్చుని, కిటికీ చువ్వకు అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నారు. ఒక చెంప పూర్తయింది. రెండో చెంపకు నురగ పట్టిస్తుండగా ఓంకారం వచ్చి చెప్పులు విడిచాడు. శిష్యులు ఆ వేళకు రారు. గురువారం సాయంత్రం వస్తారు; ఆ రెండు గదుల ఇంటి ముందు చాపల మీద కూర్చుని ఆయన చెప్పే తత్వాలు విని, తలో పటికబెల్లం ముక్క నోట్లో వేసుకుని వెళ్తారు. ఆ రోజు గురువారమే. ఓంకారం సాయంత్రం దాకా ఆగలేకపోయాడు.

ఓంకారం ఇన్సూరెన్స్ ఏజెంటు. మాట నెమ్మది, బట్ట శుభ్రం. పన్ను ఏటా గడువుకు ముందే కడతాడు, ఆ సంగతి నలుగురికీ తెలిసేలా చూసుకుంటాడు. అతని ప్రశ్న ఇది: ఆకలి తీరడానికని ఇచ్చిన బియ్యాన్ని అమ్ముకునేవాళ్లకు మళ్లీ మళ్లీ ఇవ్వడం దానమవుతుందా, తప్పుకు సాయమవుతుందా? రేషన్ దుకాణంలో ఇంకా దొడ్డు బియ్యమే ఇస్తున్న రోజులవి. గల్లీల్లో మోపెడ్ల మీద తిరిగి ఆ బియ్యం కొనుక్కుపోయేవాళ్లు ఉండేవారు. తన ఇంటి వెనక గల్లీలో సాయవ్వ అనే ఆమె అలా ఒక సంచి అమ్మడం కళ్లారా చూశానని ఓంకారం చెప్పాడు. చూసి ఊరుకోలేదని కూడా చెప్పాడు. ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాడు. గల్లీ మీద ఓ కన్నేసి ఉంచుతామని అవతలివాళ్లు మాటిచ్చారు.

ఈదయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా వచ్చి మూడో మనిషి గురించి అడిగితే ఆయన జవాబు చెప్పరు. ఆ మనిషి ఇంట్లో ఒక పూట అన్నం అడిగి తిని రమ్మంటారు. ఆ తర్వాత కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు అడగమంటారు. ఈ షరతు వల్ల ఆయన దగ్గర ఇరుగుపొరుగు మీద ప్రశ్నలు బాగా తగ్గిపోయాయి.

ఆయన కత్తి చేతిలోకి తీసుకుని, "వాళ్లింట్లో తిన్నావా?" అని అడిగారు. లేదన్నాడు ఓంకారం. ఆయన కత్తిని రెండో చెంప మీద పెట్టారు.

ఆ మధ్యాహ్నం జరిగింది సాయంత్రం ఓంకారమే శిష్యులమైన మాకు చెప్పాడు. సాయవ్వ ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతుంది. అప్పుడే పని నుంచి వచ్చి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. గురువుగారు మీ ఇంట్లో తిని రమ్మన్నారని చెప్పగానే ఆమె ముఖం వెలిగి, మరుక్షణం వాడిపోయింది. లోపల మంచం మీద ఆమె భర్త కనకయ్య పడుకుని ఉన్నాడు. కాలికి పుండు పడి నల్లబడింది. వచ్చే వారం జిల్లా ఆస్పత్రిలో ఆపరేషన్. తెల్ల రేషన్ కార్డు చూపిస్తే ఖర్చంతా సర్కారుదే. కనకయ్య దాన్ని కూడా వేళాకోళంగానే చెప్పాడట. "మాకేం తక్వ సారు? బియ్యం ఫిరి, కాలు కోసుడు ఫిరి."

పొద్దున వండిన అన్నం గిన్నెలో ఉంది. దొడ్డన్నం. సాయవ్వ మూత తీసి చూపించి, ఇదే ఉన్నదని, దిగుతుందో లేదోనని నసిగింది. ఓంకారం గిన్నెలోకి చూశాడు. గోనెవాసన వచ్చిందని తర్వాత మాతో అన్నాడు. ఆమెతో మాత్రం చాలా మర్యాదగా అన్నాడు:

"నేను మధ్యాహ్నం పెద్దగా తినను అమ్మా. ఒక ముద్ద పెట్టు, చాలు."

మంచం మీద నుంచి కనకయ్య నవ్వాడట. "సారు గొంతు ఇన్సూరెన్స్ గొంతు. గీ అన్నం పోతే లోపట పంచాయితీ పెడ్తది."

సాయవ్వ నవ్వలేదు. సారును కూర్చోమని, మంచం కింద నుంచి ఏదో తీసి కొంగు చాటున పెట్టుకుని వెనక తలుపు గుండా వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. పొయ్యి వెలిగించింది. ఓంకారం ముందు పెట్టిన పళ్లెంలో పొగలు కక్కే సన్నన్నం, పచ్చిపులుసు, ఒక కోడిగుడ్డు. అతను మారు అడిగి మరీ తిన్నాడు. వడ్డిస్తున్న ఆమె బొటనవేలికి నల్లమరక కనబడిందని, బహుశా గిన్నెల మసి కావచ్చని మాకు చెప్పాడు.

చెప్పి, అసలు సంగతికి వచ్చాడు. ఊరికే వచ్చే బియ్యం అమ్ముకుని వీళ్లు తినేది సన్నబియ్యం, పైన గుడ్డు. తను ఫోన్ చేయడం ఎంత సబబో ఇప్పుడు పూర్తిగా అర్థమైందట.

చాపల మీద అందరికీ నోళ్లు లేచాయి. తమ పనిమనిషి ఆ బియ్యాన్ని కోళ్లకు వేస్తోందని ఒకరన్నారు. మొన్న రేషన్ క్యూలో ఒకామె చేతిలో తన ఫోన్ కన్నా పెద్ద ఫోన్ ఉందని ఇంకొకరు లెక్క చెప్పారు. వచ్చిన డబ్బంతా కల్లు దుకాణానికే అని మూడో ఆయన తేల్చేశాడు. ఎరువుల కొట్టు యజమాని భార్య రాజేశ్వరమ్మగారు మాత్రం ఆ బియ్యాన్ని వెనకేసుకొచ్చారు. దోసెలకు దానంత బాగా మరేదీ రాదని, మోపెడతను నెలనెలా తమ ఇంటికే తెచ్చి పోస్తాడని చెప్పారు. అందులో తిరకాసు ఉన్నట్టు ఎవరికీ తోచలేదు. ఆమెకు అసలే తోచలేదు.

ఈదయ్యగారు ఓంకారాన్ని ఒక్కటే అడిగారు. పొద్దున వండిన ఆ అన్నం ఏమైందని.

"అది వాళ్లు తింటారు లెండి అయ్యా," అన్నాడు ఓంకారం.

ఆ రోజు ఆయన తత్వం చెప్పలేదు. పటికబెల్లం పంచి పంపించేశారు.

తర్వాతి గురువారం మేం కూర్చుని ఉండగా సాయవ్వ వచ్చింది. మెట్టు ఎక్కకుండా కిందే నిలబడి ఓంకారం కోసం వెతికింది. అతను కనబడగానే ధైర్యం వచ్చినట్టు రెండు చేతులూ జోడించింది.

ఆమె చెప్పింది కోపంగా చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మంచం కింద నుంచి తీసుకెళ్లింది మిగిలిన రేషన్ బియ్యం సంచి. గల్లీ మొదట్లో కిరాణా కొట్టులో అది ఇచ్చి, బదులుగా ఒక పూటకు సరిపడా సన్నబియ్యం, ఒక గుడ్డు తీసుకుని బయటికి వస్తుంటే జీపు ఆగింది. అధికారులు సంచిని, ఆమెను పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. వేలిముద్ర వేయించుకున్నారు. కొంగులో ఉన్న సన్నబియ్యాన్ని ఆమె వాళ్ల ముందు విప్పి చూపిస్తే, దాంతో తమకు పని లేదని, తీసుకుపొమ్మని అన్నారు. తీసుకుపోయి వండింది. ఇప్పుడు కార్డు ఆపేశారని రేషన్ డీలర్ చెప్పాడు. ఆపరేషన్ తేదీ దగ్గరికొచ్చింది.

అదే రోజు ఇంట్లో ఉన్న సారుకు ఎందుకు చెప్పలేదని రాజేశ్వరమ్మగారు అడిగారు. సాయవ్వ ఆమె వైపు వింతగా చూసింది.

"అన్నం కోసం కూసున్న మనిషికి గది ఎట్ల చెప్పాలె అమ్మా? ఇగ ముద్ద దిగుతదా?"

ఆమె అడిగింది పెద్ద కోరిక కాదు. ఓంకారం ఒక్కసారి సివిల్ సప్లైస్ ఆఫీసుకు వచ్చి, ఆ పూట ఇంటికి చుట్టం వచ్చిన మాట నిజమేనని, ఆ అన్నం తిన్నది తనేనని చెప్పాలి. అమ్ముకుని తాగే మనుషులం కామని వాళ్లకు తెలియాలి. తమ మాట ఎలాగూ నమ్మరు, సారు చెబితే నమ్ముతారు. ఓంకారం నేల చూస్తూ, చూద్దాంలే అమ్మా అన్నాడు. ఆమె అతనికి ఇంకోసారి దండం పెట్టి వెళ్లిపోయింది.

ఫోన్ చేసింది ఎవరో ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లం అందరం పటికబెల్లం చప్పరిస్తూ కూర్చున్నాం.

మర్నాడు ఈదయ్యగారే ఆఫీసుకు వెళ్లారు. అధికారి మర్యాదగా కుర్చీ వేసి, అంతా విని, అడగవలసినదే అడిగాడు. వాళ్లింట్లో ఆ రోజు మీరు తిన్నారా అని. లేదని ఒప్పుకుని ఆయన లేచి వచ్చేశారు. అప్పటి నుంచి ఈనాటి వరకు ఆయన ఎవరినీ ఏ ఇంటికీ తిని రమ్మని పంపలేదు. ఎవరు ఎవరి గురించి అడిగినా విని ఊరుకుంటున్నారు. ఇరుగుపొరుగు మీద ప్రశ్నలు మళ్లీ పెరిగాయి.

కొన్నాళ్లకు, మళ్లీ ఆయన గడ్డం గీసుకునే వేళకే, ఓంకారం వచ్చాడు. ఏదో పని మీద వెళ్లి నేను కూడా అక్కడే ఉన్నాను. సాయవ్వ కార్డు రద్దయిందని, కనకయ్యను ఆస్పత్రి నుంచి వెనక్కి పంపేశారని అతనే చెప్పాడు. తను ఆఫీసుకు వెళ్లలేదు. వెళితే రేషన్ బియ్యం మార్చి తెచ్చిన అన్నం తిన్నానని రాసి సంతకం పెట్టాలి. నలుగురి నమ్మకం మీద నడిచే వృత్తి తనది. అయినా ఇందులో తన తప్పేముందో ఎంత ఆలోచించినా తేలడం లేదన్నాడు.

"సన్నన్నం కావాలని నేను అడగలేదు కదా అయ్యా."

ఈదయ్యగారు కత్తిని నీళ్లలో జాడించి, తువ్వాలుకు తుడిచారు.

"అడగలేదు," అన్నారు. "ఒక ముద్ద చాలన్నావు."