తెల్ల పంచెలో గంటసేపు

ఉదయం ఐదూ ఇరవైకి చిద్రూపానంద కుళాయి కింద తన కాషాయ పంచె తానే ఉతుక్కుంటున్నాడు. ఉదయగిరి దగ్గరి ఆ ఆశ్రమంలో ప్రవచనం చెప్పే స్వాముల బట్టలు కొత్తగా చేరినవాళ్లు ఉతకాలి. ఏడాది పైగా ఆయన ఎవరికీ ఇవ్వడం లేదు. అందరూ అది వినయం అనుకున్నారు.

మొదట మలద్వారం దగ్గర దురద వచ్చింది. శుభ్రం చాలలేదేమోనని సబ్బుతో, వేడినీళ్లతో రుద్ది కడిగాడు. దురద పెరిగింది. తర్వాత నొప్పి. తర్వాత రక్తం. మొలలే కదా అనుకుని కారం మానేశాడు, మజ్జిగ తాగాడు. రక్తం ఆగలేదు. మనిషి చిక్కిపోయాడు. భక్తులు అది తపస్సు అన్నారు. ఆయన కాదనలేదు. కాషాయం మీద మరక అంత సులువుగా కనబడదు.

పంచె ఆరేసి గురువు తురీయానంద గదికి వెళ్లాడు.

"స్వామీ, చాతుర్మాస్యం నాలుగు నెలలూ మౌనం పడతాను. గది దాటి రాను. అనుమతివ్వండి."

గురువుకు డెబ్బై ఎనిమిదేళ్లు. శిష్యుడు ఈమధ్య ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం ఆయన చూస్తూనే ఉన్నాడు. పెట్టెలోంచి ఒక తెల్ల పంచె తీసిచ్చాడు.

"ఇది కట్టుకుని నా ఎదురుగా కూర్చో."

చిద్రూపానంద ముఖం పాలిపోయింది. "కాషాయం విప్పేయమంటున్నారా? నేనేం తప్పు చేశాను?"

"గంటసేపే. కూర్చోవయ్యా."

మూడు గంటలు కదలకుండా కూర్చోగలడని చిద్రూపానందకు పేరు. ఆ రోజూ కదల్లేదు.

గంట గడిచాక గురువు అన్నాడు. "లే."

లేవలేదు.

"లే నాయనా. తలుపు వేసే ఉంది."

లేచాడు. పంచె వెనక అరచేయంత రక్తం.

గురువు ఆ పంచె విప్పించి, బకెట్టు ముందు చతికిలబడి, ఉతకసాగాడు. శిష్యుడు లాక్కోబోయాడు.

"మీరు ముట్టుకోకూడదు స్వామీ!"

"ఏం? నాకు లేదా ఆ చోటు?"

"ఎవరి దగ్గరికని వెళ్లను? ఏమని చెప్పుకోను?"

"బ్రహ్మం మాటలకు అందదంటావు, దాని గురించి మూడు గంటలు మాట్లాడతావు. దీనికి ఒక్క మాట దొరకలేదా?"

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ బస్సెక్కి నెల్లూరు వెళ్లారు. సర్జన్ నస్రీన్ ఏమిటి బాధ అని అడిగింది. చిద్రూపానంద గురువు వైపు చూశాడు. గురువు కిటికీ వైపు చూస్తున్నాడు. చివరికి శిష్యుడే చెప్పాడు, నేల చూపులు చూస్తూ.

"రక్తం ఎన్నాళ్లుగా?"

"ఏడాది దాటింది."

"సబ్బుతో రుద్దడం ఆపండి స్వామీ. దురదను అది పెంచుతుంది. మామూలు నీళ్లు చాలు, కడిగాక మెత్తగా అద్దుకోండి. రక్తం సంగతి వేరు. చాలామందికి మొలలే ఉంటాయి, లేదా చీలిక. కానీ చూడకుండా ఆ మాట నేను చెప్పను. పక్కకు తిరిగి పడుకోండి."

గ్లవ్ తొడుక్కుంది. పరీక్ష ఎక్కువసేపు పట్టలేదు. ముగిశాక ఆమె మొలల మాట ఎత్తలేదు. లోపలికి గొట్టం పెట్టి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపింది. స్కాన్ రాసింది.

తిరుగు బస్సులో చిద్రూపానంద నిలబడే ప్రయాణం చేశాడు. గురువు కూడా కూర్చోలేదు.

కొన్ని రోజులకు రిపోర్టు వచ్చింది. ఇద్దరూ మళ్లీ నస్రీన్ దగ్గరికి వెళ్లారు. పురీషనాళం చివర, మలద్వారానికి ఆనుకుని, క్యాన్సర్. ఇంకా వేరేచోటికి పాకలేదు. ఆపరేషన్ చేయొచ్చు, అయితే మలద్వారం మూసేయాలి. ఆ తర్వాత బతికినన్నాళ్లూ మలం పొట్టమీద పెట్టిన రంధ్రంలోంచి ఒక సంచిలోకి వస్తుందని నస్రీన్ చెప్పింది.

చిద్రూపానంద పొట్టమీద కాషాయం సర్దుకున్నాడు.

"అమ్మా," అన్నాడు తురీయానంద, "ఆ సంచి ఎలా మార్చాలో నాకు నేర్పు."