పరిమళవల్లి ఏం తింటుంది?

అనగనగా, తాటాకుల మీద పుస్తకాలు రాసుకునే రోజుల్లో, ఒక ఊళ్ళో ఎల్లన అనే లేఖకుడు ఉండేవాడు. కవులు చెప్పిన కావ్యాల్ని ఇనప గంటంతో ఆకు మీద గీసేవాడు. ఊరికే గీస్తే అక్షరం కనబడదు తల్లీ. అప్పుడు వాళ్ళావిడ లక్కమ దీపపు మసి పూసి తుడిచేది. ఆ తర్వాత అక్షరాలు నల్లగా తేలేవి. పాపం, ఆవిడకి చదవడం రాదు.

ఒక ఏడు ఎల్లన చేతికి పరిమళవల్లి అనే రాజకుమార్తె కథ వచ్చింది. అది రాస్తున్నంతసేపూ తనలో తనే నవ్వుకునేవాడు. ఇంటి కప్పు కురుస్తోందన్నా, పిల్లాడికి దగ్గు తగ్గలేదన్నా వినిపించుకోడు. చివరికి ఒక పొద్దున మూట కట్టేశాడు. "అలాంటి మనిషి ఎక్కడో ఉండే ఉంటుందే లక్కమా. ఒక్కసారి చూసొస్తాను," అన్నాడు. ఎంత వెర్రో చూడు!

లక్కమకి భయమేసింది. వెళితే మళ్ళీ రాడేమో! కానీ ఆవిడకి భయంతో పాటు ఆరా కూడా ఎక్కువే. "ఇంతకీ ఆ పిల్ల ఏం తింటుందయ్యా?" అని అడిగింది.

ఎల్లన ఆకులు తిరగేశాడు. "తిండీ నిద్రా లేవు. విరహం."

"అయ్యో, మరి ఎలా బతికుంది? పోనీ, కోపమొస్తే ఏమంటుంది?"

మళ్ళీ తిరగేశాడు. "ఏమీ అనదు. కనుబొమ ముడుస్తుంది, అంతే."

"అంతేనా! నాకైతే చాలదు," అంది లక్కమ. ఆ తర్వాత మెల్లిగా అడిగింది. "నువ్వు వెళితే ఆ పిల్ల నిన్ను గుర్తుపడుతుందా?"

ఎల్లన మొదటి ఆకు నుంచి మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా వెతికాడు. ఆ పిల్ల చిలకతో మాట్లాడింది, పూలపానుపు మీద పొర్లింది, రాజకుమారుడి కోసం ఏడ్చింది. ఎల్లన వైపు ఒక్కసారైనా చూడలేదు. వాడికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

అప్పుడు మూట విప్పేశాడు. మర్నాడు కప్పు సరిచేశాడు, పిల్లాడికి కషాయం కాచాడు. ఆ తర్వాత కూర్చుని ఆఖరి ఆకు రాశాడు. పుస్తకం చివర రాసినవాడి పేరు గీయడం ఆనవాయితీ. ఎల్లన తన పేరు పక్కన ఇంకోటి కూడా గీశాడు.

లక్కమ మసి పూసింది. చూసి చూసి మొగుడి పేరు ఆవిడకి గుర్తే. "పక్కన ఇదేమిటయ్యా?" అంది.

"నీ పేరే."

లక్కమ ఆకుని వెలుగుకి పట్టి చూసింది. ఇన్నేళ్ళుగా ఎందరి పేర్లకో మసి పూసింది గానీ, తన పేరెలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. "ఇలా ఉంటానా నేను!" అంటూ వేలితో మళ్ళీ మళ్ళీ తడిమింది.

కథేమో కంచి దారి పట్టింది,
నా బంగారుతల్లికి నిద్ర పట్టింది.