చేమంతి అడుగుకి దిగేదాకా

అనగనగా ఒక అడవిలో... ఏ రోజో, ఏ వేళో కూడా చెబుతాను వినండి. మా అమ్మమ్మ అలాగే చెప్పేది. కార్తీక మాసం, మూడో ఆదివారం, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలు.

సూరమ్మ అనే కుందేలు వంటింట్లో గిరగిరా తిరుగుతోంది. తెల్లవారితే సోమవారం. ఉసిరిచెట్టు కింద అడవి మొత్తానికి వనభోజనం. ఇన్నేళ్లూ ఆ వంట వాళ్ల అత్తగారు కావమ్మదే. ఈ ఏడు ఆవిడకి మోకాళ్ల నొప్పులు. గరిటె కోడలి చేతికొచ్చింది.

అప్పుడే చీనా దేశం నుంచి ఏటా వచ్చే పెద్దబాతు గుమ్మంలో వాలింది.

"ఏమ్మా సూరమ్మా, చెవులు అలా వణుకుతున్నాయేం?"

"పలకరింపులకి తీరిక లేదు బాతక్కా!"

బాతు నవ్వి, ఎండు చేమంతుల పొట్లం విప్పింది. "మనసు ఉరుకులు పెడితే మా వైపు వైద్యులు ఇవే ఇస్తారు. ముంతలో అయిదు పూలు వెయ్యి. వేడినీళ్లు పోసెయ్యి. పూలు అడుగుకి దిగేదాకా పక్కనే కూర్చో."

సూరమ్మ నీళ్లు పోసి, చింతపండు పిసకడానికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి నీళ్లు చల్లారిపోయాయి. పారబోసింది.

రెండోసారి, త్వరగా పనిచేస్తుందని గుప్పెడు పూలు వేసి కుతకుతా ఉడికించింది. గటగటా తాగింది. నాలుక కాలింది.

"అబ్బా, చేదు! ఇది మందా, శిక్షా?"

"పువ్వుది కాదమ్మా తప్పు," అంది బాతు మెల్లగా.

పొట్లంలో ఇక అయిదే పూలున్నాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. సూరమ్మ ఉప్పు డబ్బా అందుకోబోయింది.

మూల కూర్చున్న కావమ్మ పీట జరిపింది. "సూరీ, ఆ డబ్బా అక్కడ పెట్టు. ఇలా వచ్చి కూర్చో."

సూరమ్మ డబ్బా వైపు చూసింది, పీట వైపు చూసింది. కూర్చుంది.

బాతు ఆ అయిదు పూలూ ముంతలో వేసి వేడినీళ్లు పోసింది. ఒక్కో పువ్వూ మెల్లగా విచ్చుకుంది. సూరమ్మ చెవులు వాలాయి.

"భయంగా ఉందత్తయ్యా. నా వంట చూసి అందరూ నవ్వుతారేమో."

"నా మొదటి ఏడు పులిహోరలో చింతపండు వెయ్యడమే మరిచిపోయాను. కోతులు 'పసుపన్నం భలేగా ఉంది' అని మారు వడ్డించుకున్నాయి!"

సూరమ్మ పకపకా నవ్వింది. "ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు కూర్చున్నావు?"

పూలు అడుగుకి దిగాయి. సూరమ్మ గుక్కెడు తాగి, ఉలిక్కిపడింది. "అయ్యో రామా! పప్పులో ఉప్పు ఇప్పటికే రెండుసార్లు వేశాను. ఇంకోసారి వేసేదాన్నే!"

"కంగారెందుకు? ఇంకో గిన్నెడు పప్పు ఉడికించి కలుపు," అంది కావమ్మ.

అలాగే చేసింది. దీపాలు పెట్టే వేళకి పప్పు కుదిరింది, పులిహోర కుదిరింది.

మర్నాడు పొద్దున్నే ఇంటిల్లిపాదీ స్నానాలు చేసి, శివయ్యకి దీపం పెట్టి, ముంత చుట్టూ చేరారు. పిల్లలు పెరట్లో చేమంతులు కోసుకొచ్చి వేడినీళ్లలో వేశారు. బయట కోతులు "వంటలేవీ?" అని ఒకటే గోల. పూలు దిగేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తరువాతే గిన్నెలు ఎత్తుకుని ఉసిరిచెట్టు దారి పట్టారు.

నీతి: పని ఉరుకులు పెట్టించినప్పుడే మనసుకి ఒక పీట వెయ్యాలి.