పర్లమ్మ పొదిగిన గులకరాయి

"అమ్మా, నువ్వు మేతకెళ్ళి వచ్చేదాకా గూడు వదిలి అంగుళం కదలను. ఇది నా శపథం!"

మెడ నిక్కించి ఇలా అన్నవాడు రసంగి, పర్లమ్మ కోడికి పెద్దకొడుకు, నిరుడు పుట్టిన పుంజు. పశువుల పాక మూల గడ్డిగూట్లో పర్లమ్మ పొదుగుతున్న గుడ్లు పన్నెండు. నాలుగు గింజలు ఏరుకుందామని ఆమె అలా వెళ్ళిందో లేదో, కంచె అవతల నుంచి నక్క పలకరించింది.

"ఏం అల్లుడూ! నీలాంటి నాయకుడు గుడ్లకు కాపలానా? దిబ్బెక్కి నాలుగు మాటలు చెప్పు. జాతి ఎదురుచూస్తోంది."

"నిజంగా చూస్తోందా మామా?"

"జాతి సంగతేమో గానీ, నేనైతే మూడు రోజులుగా చూస్తున్నా."

రసంగి ఒక్క గెంతులో పెంటదిబ్బ ఎక్కాడు. "కోడిజాతి ఐక్యత వర్ధిల్లాలి! దోపిడీ నశించాలి!" అని గొంతు చించుకున్నాడు. మెచ్చుకోలు ఏదీ వినబడక వెనక్కి తిరిగితే నక్క లేదు. గూట్లో గుడ్లు పదకొండు.

నిజం చెప్తే అమ్మ ఏమైపోతుందో! గుడ్డంత తెల్లటి గులకరాయిని ముక్కుతో దొర్లించుకొచ్చి గడ్డిలో పెట్టేశాడు.

వారం తిరిగేసరికి పదకొండు పిల్లలు కిచకిచమంటూ బయటికొచ్చాయి. పర్లమ్మ మాత్రం లేవలేదు.

"ఇంకొకటి ఉందిగా" అంది.

మూడు రోజులు గడిచాయి. మేత ముట్టదు. రెక్కలు వాలిపోయాయి. పిల్లల్ని తన వెంట తిప్పుతున్న బాతు పిన్ని కసిరింది. "ఓసి పిచ్చక్కా! పదకొండు చాలవటే? ఆ మురిగిపోయినదాన్ని వదిలెయ్!"

"పన్నెండోది నా బిడ్డ కాదటే?"

ఆ మాట విన్నాక రసంగికి గింజ గొంతు దిగలేదు. నాలుగోనాడు పొద్దున్నే కూయబోతే కూత కూడా రాలేదు. పరుగున తల్లి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, లే! అది రాయి. నేనే పెట్టాను. నేను దిబ్బెక్కి అరుస్తుంటే నక్క గుడ్డెత్తుకుపోయింది."

పర్లమ్మ నింపాదిగా లేచి ఒళ్ళు విదిలించుకుంది. "హమ్మయ్య! కాళ్ళు పట్టేశాయిరా నాన్నా."

"నీకు ముందే తెలుసా?"

"రోజూ ముక్కుతో గుడ్లు తిప్పేదాన్ని, రాయి బరువు తెలీదటరా? పోయినదాని కోసం ఆ రోజే ఏడ్చేశాను. పన్నెండోదంటే నువ్వే. ఎప్పుడు పెంకు పగలగొట్టుకుని బయటికొస్తావా అని ఇన్నాళ్ళూ పొదిగాను."

ఎదిగిన పుంజునన్న సంగతే మర్చిపోయి రసంగి తల్లి రెక్క కింద దూరి ఏడ్చాడు. కాసేపటికి ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ కలిసి ఒక ఎత్తు వేశారు.

సాయంత్రం నక్క మళ్ళీ వచ్చింది. "అల్లుడూ, ఇవాళ ఉపన్యాసం లేదా?"

"ఎందుకు లేదు మామా! అమ్మ ఊళ్ళో లేదు, గుడ్డు ఒక్కటే మిగిలింది. కాస్త కనిపెట్టుకుని ఉండు" అని రసంగి దిబ్బెక్కాడు.

నక్క ఆత్రంగా గూట్లో మూతి పెట్టి కసుక్కున కొరికింది. పటుక్కున విరిగింది, ముందుపన్ను. కుయ్యోమంటూ కంచె దూకింది. బాతు పిన్ని నవ్వలేక వెల్లకిలా పడింది.

తప్పు ఒప్పుకున్న నోటికే తప్పును నిలదీసే హక్కు. ఆ హక్కుతోనే రసంగి గొంతెత్తాడు.

"నక్కా! నువ్వు మింగిన నా తమ్ముడి సంగతి ఏం చెప్తావు? తోబుట్టువుల పండగైన శ్రావణ పౌర్ణమినాడు పొద్దుగూకేలోగా నాకు జవాబు కావాలి!"